కాణిపాకం దాకా నా వెంటపడిన ట్రేలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను గెలవను. ఇది చిత్తూరు జిల్లాలో ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, పట్టపగలు, పూర్తి స్పృహలో ఉండి తెచ్చుకున్న అవమానం. తాగి చేసింది కాదు. ఎవరో ఎగదోస్తే చేసింది కూడా కాదు. నిండా చదువుకుని చేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి గురించి మీరు వినే ఉంటారు. ఆమె నాకంటే ఎంతో నయం. వెతికి ఊరుకుంది. నేను అంతటితో ఆగకుండా ఊళ్లోవాళ్లందరినీ పిల్లల దొంగలుగా తేల్చేశాను.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నాకు ఆ నిలకడే లేదు. అప్పుడైతే మరీ. కూర్చుంటే కాలు ఊగేది, నిలబడితే వేలు ఫోను మీద ఊగేది. అన్నం ముద్దకూ ముద్దకూ మధ్య ఒకసారి ఫోను చూసేవాణ్ణి. మా అమ్మ చంద్రగిరి నుంచి ఫోను చేసి “తిన్నావా నాయనా?” అంటే, ఆమె మాట్లాడుతుండగానే ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర చూసుకుని మళ్లీ చెవికి పెట్టుకునేవాణ్ణి. అంత తొందరపాటు మనిషి చేతికి యాప్ ఇచ్చిన ఫ్యాక్టరీ వాళ్లది కూడా కొంచెం తప్పే. పెద్ద తప్పు మాత్రం నాదే, కాబట్టి దాని సంగతి చెబుతాను.

తిరుపతిలో ఎంబీఏ ముగించి, చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. పేరు సప్లయ్ చైన్ ఎగ్జిక్యూటివ్. పని ట్రేలు వెతకడం. తోతాపురి కాయలు దెబ్బ తగలకుండా రావాలని ఫ్యాక్టరీ వాళ్లు రైతులకు పసుపు రంగు ప్లాస్టిక్ ట్రేలు ఇస్తారు. ట్రేలు తోటకు పోతాయి, కాయలతో తిరిగి వస్తాయి, వాటిని కడిగితే మళ్లీ తోటకు పోతాయి. కాగితం మీద అంతే. నిజంలో మాత్రం సగం ట్రేలు సంసారాల్లో స్థిరపడిపోయేవి. చిత్తూరులో మీరు ఏ వీధికైనా వెళ్లండి. పూలమ్మే ఆమె కూర్చునేది ట్రే మీద, ఇడ్లీ బండి వాడి గిన్నెలు ట్రేలో, కోడి గుడ్లు పెట్టేది ట్రే కింద. ఓనరు మేనేజరును తిట్టేవాడు, మేనేజరు నన్ను తిట్టేవాడు. నాకు తిట్టడానికి ఎవరూ లేక నేను ఒక పథకం వేశాను.

పథకం ఏమిటంటే ట్యాగులు. బొట్టుబిళ్ల డబ్బా మూత అంత ఉంటుంది ట్యాగు. దానికి సొంతంగా దారీ తెన్నూ తెలియవు. మా యాప్ ఉన్న ఫోను దగ్గరికొస్తే “నేనిక్కడున్నా” అని దాని చెవిలో ఊదుతుంది. అప్పుడు ఆ ఫోను ఎక్కడుంటే ట్రే అక్కడున్నట్టు తెర మీద ఒక చుక్క పడుతుంది. ఆ యాప్ అప్పటికి రెండే ఫోన్లలో ఉండేది. ఒకటి ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఒకటి నా జేబులో. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రైతులను పిలిచి మీటింగు పెట్టాను. “దీన్ని సర్క్యులర్ ఎకానమీ అంటారు. వస్తువును వాడి పారేయకుండా తిప్పుతూనే ఉండాలి. తొక్క పశువుల దాణాకు, టెంక పొయ్యికి, ట్రే మళ్లీ తోటకు. చుట్టు తిరిగి చేరాల్సిన చోటికి చేరాలి” అని గంటసేపు తెర మీద బాణం గుర్తులు తిప్పాను. ముందు వరసలో యాభై దాటిన ఒకామె, కొంగు నడుముకు చెక్కుకుని, చెయ్యి ఎత్తింది. బంగారుపాళ్యం పక్క పల్లె. పేరు చెంగమ్మ. తోట ఆమెదే, ట్రాక్టరు ఆమెదే, గొంతు మాత్రం పదిమందిది.

“అంటే తీసకపోయింది తిరిగి ఇచ్చేయాల. అంతేగదా నాయనా?”

“అంతే అక్కా.”

“దీనికి ఇంతసేపా? కాయలు కోసే కూలోళ్లు ఆడ కాసుకోనుండారు.”

అందరూ నవ్వి లేచిపోయారు. నా తెర మీద బాణాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

మా మేనేజరు సుబ్రమణ్యం సార్ మంచి మనిషి. కాకపోతే రాహుకాలంలో తుమ్ము వస్తే ముక్కు పట్టుకునే రకం. మొదటి ట్యాగుల మూట వచ్చిన సోమవారం పొద్దున్నే నన్ను పిలిచాడు.

“ఏమప్పా సుధాకరా, రాహుకాలం వచ్చేస్తా ఉండాది. దానికి ముందరే యాప్‌లో ఎక్కించేయ్.”

“ట్యాగులు ఇంకా ట్రేలకు కట్టలేదు సార్.”

“కట్టేది తర్వాత. పేర్లు ఎక్కించేయ్. ఆమీట మూట తీసకపోయి కాణిపాకం సామి పాదాల కాడ పెట్టి తీసకరా. మొదటి మూటకు పూజ లేకండా పని మొదలుపెడితే యాడైనా నిలబడతాదా?”

సరే అని అప్పటికి వరసలో మొదట ఉన్న రైతు పేరు మీద ఆ మూట మొత్తం ఎక్కించేశాను. వరసలో మొదట ఉన్నది చెంగమ్మ. తెర మీద పచ్చటి టిక్కు పడింది. పచ్చ టిక్కు చూడగానే నా మనసులో ఆ పని అయిపోయింది. స్కూటరు మీద కాణిపాకం వెళ్లాను, పూజారి ట్యాగుల మీద పసుపూ కుంకుమా గరికా వేసి దీవించి ఇచ్చాడు. మూటను, ప్రసాదంతో సహా, స్కూటరు సీటు కింద డిక్కీలో పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఓనరు ఫోను, లారీ గోల, ఇంకేదో తలనొప్పి. స్కూటరును ఎప్పటిలాగే గేటు ఫోనుకు అందనంత దూరంలో, రోడ్డు అవతల చెట్టు కింద నిలిపి, డిక్కీలో మూట ఉన్న సంగతి మరచిపోయాను. మీరు మరచిపోకండి, దయచేసి.

నేను గుడికి పోయిన వేళలోనే చెంగమ్మ వచ్చి ట్రేలు తీసుకుపోయింది. ట్యాగు లేని ట్రేలు. వాటి నిండా కాయలు తెచ్చింది, దించేసింది, ట్రేలు ఫ్యాక్టరీలోనే వదిలి పోయింది. మనవాళ్లు కడిగి బోర్లించారు. సర్క్యులర్ ఎకానమీ అంటే ఏమిటో ఆ రోజు ఆమె ఒక్కతే నూటికి నూరుపాళ్లు చేసి చూపించింది. గేటు దగ్గరి ఫోనుకు మాత్రం ఏ ట్యాగూ కనపడలేదు. కాబట్టి యాప్ లెక్కలో ఆమె ట్రేలు తిరిగి రాలేదు.

“చెంగమ్మ ట్రేలు రాలేదేం?” అని గేటు కాసే గంగులప్పను అడిగాను.

“వచ్చినాయి సార్. నా కండ్లతో సూసినా.”

“యాప్‌లో రాలేదు.”

“కడిగి పెట్టినారు గూడా సార్. ఆడ బోర్లించినారు సూడండి.”

“అవి వేరేవాళ్లవి అయ్యుంటాయి. యాప్ అబద్ధం చెప్పదు.”

గంగులప్ప నన్ను ఒకసారి, ట్రేలను ఒకసారి చూసి, బీడీ ముట్టించుకోవడానికి పోయాడు. నాలుగడుగులు వేసి ఆ ట్రేలను చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నాలుగడుగులు వేసే ఓపిక ఎవడికుంది? నేను అప్పటికే ఫోనులో చుక్క కోసం వెతుకుతున్నాను.

చుక్క దొరికింది! టీ అంగట్లో. రైతులకు కూడా అర్థం కావాలని నేనే ఆ యాప్‌కు తెలుగు గొంతు పెట్టించాను. తప్పిపోయిన ట్రేలు దగ్గరలో ఉంటే మర్యాదగా గట్టిగా చెబుతుంది. నేను టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే అరిచింది.

“చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి!”

టీ ఒలికింది. లేచి బల్ల కింద దూరాను. పాల క్యాన్ల వెనక చూశాను. టీ మాస్టరు భయపడిపోయాడు.

“ఏం పోయింది సార్? ఉంగరమా?”

“ట్రేలు. యాడ పెట్టినావు?”

“నా తావ టీ గ్లాసులే సార్ ఉండేది.”

వదిలేశాను. చాలా తెలివైనవాడు, అప్పుడే ఎక్కడికో తరలించేశాడు అనుకున్నాను. ఆ సాయంత్రం గడ్డం గీయించుకుందామని సెలూనుకు పోయాను. స్కూటరు బయట గుమ్మం ముందే పెట్టాను. సగం ముఖం గీశాడో లేదో, మళ్లీ అదే గొంతు. “చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి!” కుర్చీలోంచి ఎగిరి లేచాను. కత్తి పట్టుకున్న మనిషి గుండె పట్టుకున్నాడు.

“సార్, తెగి ఉంటే ఏం కావాల? కూసోండి సార్!”

“లోపల గదిలో ఏముంది?”

“మా యమ్మ పడుకోనుండాది సార్.”

నమ్మలేదు. తొంగి చూశాను. వాళ్లమ్మే. ముసలామె సగం ముఖాన నురగతో ఉన్న నన్ను చూసి పెట్టిన కేకకు వీధిలోవాళ్లు వచ్చారు. సగం గడ్డంతోనే స్కూటరెక్కాను.

ఇడ్లీ బండి దగ్గర కూడా అదే కూత. అక్కడ మాత్రం నిజంగానే ఒక ట్రే కనపడింది. గబుక్కున లాగితే చట్నీ గిన్నె బోర్లా పడింది.

“యేయ్, వదులు! ఆ ట్రే నా పెండ్లికి ముందర్నుంచి ఈడే ఉండాది” అంది ఇడ్లీలు వేసే ఆమె.

“ఇది ఫ్యాక్టరీ ట్రే.”

“మీ ట్రేలు పసుపువి, ఇది నీలంది గదా? కండ్లు కనపడవా?”

“పైన నీలం రంగు పూసి ఉంటారు” అని గోరుతో గీకాను. కింద కూడా నీలమే వచ్చింది. ఆమె గరిటె ఎత్తేసరికి చట్నీతో పాటు నా పరువు కూడా అక్కడే వదిలి వచ్చాను.

గదికి పోతే అక్కడా వదల్లేదు. “చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి.” నా గది మేడ మీద, కింద ఇంటి ఓనరు. ఆహా, వీడు కూడా ముఠాలోనే ఉన్నాడా అనుకున్నాను. మరుసటి పొద్దున ఆయన కోళ్లగూటిలో తల పెట్టి చూస్తుండగా ఆయనే వచ్చి “గుడ్లు కావాలంటే అడగచ్చు గదబ్బా” అన్నాడు, చాలా బాధగా.

పిచ్చోడి చేతిలో రాయి అంటారు. తొందరగాడి చేతిలో యాప్ దానికి పెద్దన్న. రెండు రోజుల్లో నా తెర మీద చిత్తూరంతా చుక్కలు. టీ అంగడి, సెలూను, ఇడ్లీ బండి, నా గది, సినిమా హాలు. ఆ మ్యాపు తీసుకుని ఊపిరాడకుండా మేనేజరు గదికి పరుగెత్తాను.

“సార్, ఇది ఒక్క చెంగమ్మ పని కాదు. పెద్ద ముఠా ఉండాది. ఊరంతా పంచేసింది సార్.”

సుబ్రమణ్యం సార్ కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఏమప్పా, నువ్వు పోయిన తావంతా ఉండాయే ఈ చుక్కలు?”

“అవును సార్! నేను పోయి కనిపెట్టబట్టే గదా తెలిసింది!”

ఆయన తల ఊపాడు. నా గొంతులోని ధైర్యం చూసి ఆయన కూడా నమ్మేశాడు. ఇప్పుడు తలచుకుంటే ఆయన మీద జాలి వేస్తుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. ట్రేలు తిరిగి ఇవ్వని రైతుకు, ట్రేలు దొరికాక వాటిని దాచినవాడని తేలిన మనిషికి గేటు తెరుచుకోకూడదని నేనే యాప్‌లో నియమం పెట్టాను. మనుషులు చెప్తే తెరుచుకుంటే సిఫారసులు మొదలవుతాయి కాబట్టి ఎవరు చెప్పినా తెరుచుకోకూడదని కూడా నేనే పెట్టాను. చెంగమ్మ రెండో బండి కాయలు తెచ్చింది. ఈసారి మేము ఆమెకు ట్రేలు ఇవ్వలేదు కాబట్టి ట్రాక్టరులో వరిగడ్డి పరిచి విడిగా పోసుకుని వచ్చింది. గేటు కడ్డీ లేవలేదు. నిన్న సాయంత్రం నుంచి రోడ్డు మీద ఎండకు నిలబడి ఉందని, నన్ను పిలుస్తోందని గంగులప్ప వచ్చి చెప్పాడు.

నేను పోయేసరికి ఆమె ట్రాక్టరు మీద కూర్చుని ఒక్కొక్క కాయనూ బొటనవేలితో నొక్కి చూస్తోంది. అడుగున ఉన్నవి మెత్తబడుతున్నాయని ఆమె వేలికి తెలుస్తోంది. ఏడాదికి ఒకే కాపు. పూతకు మందు కొట్టి, కోతులను తోలి, గాలివానకు దేవుళ్లకు మొక్కి నిలబెట్టుకున్న కాపు ఎండలో ఉడుకుతోంది.

“రా నాయనా రా. నన్ను దొంగన్నావంట?”

“నేను అనలేదక్కా. యాప్ అంటా ఉండాది.”

“అదెవురు? పిలు, మాట్లాడతా.”

ఫోను చూపించాను. ఆమె కొంగుతో తెర తుడిచి మరీ చూసింది.

“నేను సెలూనుకు పొయినానా? నాకు గడ్డమా? సినిమాకు పొయినానా? మా ఇంటాయన ఉన్నప్పుడే పోలేదే!”

“మీ మనుషులు పోయుండచ్చు.”

చుట్టూ ఉన్న ట్రాక్టర్ల వాళ్లు దగ్గరికి జరిగారు. చెంగమ్మ కిందికి దిగింది. ఆమె గొంతు తగ్గింది, అందుకే నాకు భయం వేసింది.

“మా యత్త ఈ తోట నా చేతిలో పెట్టిన కాడ్నుంచి ఒకరి సొత్తు గడ్డిపరక ముట్టుకోలేదు నేను. ఇబ్బుడు ఇంతమంది ముందర దొంగనైతి. కాయలు కుళ్లిపోయినా పర్వాలేదు, ఈ మాట కుళ్లబెట్టుకోని నేను ఊరికి పోను. నడు కాణిపాకం. తలమింద నీళ్లు పోసుకోని, తడిగుడ్డల్తో సామి ముందర నేను ప్రమాణం చేస్తా, ట్రేలు ఇచ్చేసినానని. నువ్వూ చెయ్యి, ఇయ్యలేదని.”

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసినవాడు నిలవడని మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొగుడూ పెళ్లాల తగాదా నుంచి గట్టు తగాదా దాకా అక్కడే తేలిపోతుంది. నాకూ తెలుసు, కానీ చదువు ఊరుకోనిస్తుందా?

“నేను చూడలేదు గదక్కా. యాప్ చెప్పింది. యాప్ తరపున నేనెట్లా ప్రమాణం చేసేది?”

“అయితే దానికే తలకు పొయ్యి నీళ్లు” అన్నాడు వెనకనుంచి ఒక ట్రాక్టరు డ్రైవరు. అందరూ నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. వేరే బండి ఏదీ లేక నా స్కూటరు వెనకే ఎక్కి కూర్చుంది. ఆమె కూర్చున్న సీటు కింద ఏముందో మీకు తెలుసు.

దారి పొడవునా ఫోను ఊరుకుంటే కదా! “చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి. చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి.” అద్దంలో చూస్తే మా వెనక ఒక ఆటో వస్తోంది. నేను మెల్లగా పోతే అదీ మెల్లగా వస్తోంది.

“అక్కా, మీవాళ్లు ట్రేలు తీసుకుని మన వెనకాలే వస్తా ఉండారు.”

“నా వాళ్లు తోటలో కాయలు కోస్తా ఉండారు.”

స్కూటరు అడ్డం పెట్టి ఆటో ఆపాను. లోపల పట్టుపావడాల ఆడపిల్లలు, ఒక మేనమామ, ఆయన ఒళ్లో గుండు చేయించుకోబోయే పసివాడు. అప్పటికీ గీయించుకోని నా సగం గడ్డం చూసి పసివాడు ఏడుపు మొదలుపెట్టాడు.

“ఏమి సామీ?” అన్నాడు మేనమామ.

“ట్రేలు ఉండాయా?”

“టెంకాయలు ఉండాయి. ఒకటి కావాల్నా?”

చెంగమ్మ తల పట్టుకుంది. “నాయనా, నీకు పెండ్లయిందా?” అని అడిగింది. కాలేదన్నాను. “సామి ఉండాడు” అంది. ఆ మాట ఎవరి గురించో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

కాణిపాకం చేరాం. గుడి దగ్గర స్కూటరు స్టాండులో బండి పెట్టాను. ఫోను లోపలికి తీసుకుపోకూడదు, కౌంటరులో ఇచ్చేయాలి. ఇచ్చేముందు ఒక్కసారి, చివరిసారి, చూద్దామని తెర వెలిగించాను. అది స్టాండు అంతా వినపడేలా అరిచింది.

“చెంగమ్మ గారి ట్రేలు ఇక్కడే ఉన్నాయి!”

“ఉండాయి! ఈడికే తెచ్చేసినారు!” అని నేనూ అరిచాను. పూలమ్మే ఇద్దరు ఆడవాళ్లను లేపి వాళ్ల కింది ట్రేలు తిరగేశాను. గరిక అమ్మే ముసలాయన గంప ఎత్తి చూశాను. స్టాండు వాడు పరుగెత్తుకొచ్చాడు, నలుగురు చేరారు, ఎవరో జేబుదొంగ దొరికాడనుకుని ఇంకో నలుగురు వచ్చారు. అందరి మధ్యా చెంగమ్మ చేతిలోని మధ్యాహ్నపు సద్ది సంచిని నా ముందు పెట్టింది.

“నీ ఆట అయినంక పిలు. దీన్ని మోసుకోని సామి కాడికి పోలేను. ఆ డిక్కీ తెరువు, పెడతా.”

తెరిచాను.

గుడ్డమూట ముడి వదులై ఉంది. ట్యాగులు నాలుగు జారి కింద పడ్డాయి. పసుపూ కుంకుమా మెత్తుకుని, ఎండిన గరిక అంటుకుని, పాపం ముహూర్తానికి ముస్తాబై మూడు రోజులుగా చీకట్లో కూర్చున్న పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. ప్రసాదానికి చీమలు పట్టాయి.

చెంగమ్మ ఒకటి తీసి చూసింది. “ఇవేంది?”

“ట్యాగులు.”

“అంటే?”

“ట్రేలకు కట్టేవి.”

“కట్టలేదా?”

“...లేదు.”

“నీ ఫోను చెప్పేది ట్రేల గురించా, వీటి గురించా?”

“వీటి గురించే అక్కా.”

“మరి నేను తీసకపోయిన ట్రేలు యాడుండాయి?”

“ఫ్యాక్టరీలో. కడిగి బోర్లించి ఉండాయి.”

“ఎవురిచ్చినారు?”

“మీరే అక్కా. ఆ పొద్దే.”

చెంగమ్మ అక్కడే గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఒళ్లంతా ఊగేలా నవ్వింది. పూలవాళ్లు నవ్వారు, స్టాండు వాడు నవ్వాడు, విషయం తెలియనివాళ్లు కూడా నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. అప్పుడు చూశాను, ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అవి నవ్వువి కావు.

“నా కాయలు ఎండలో ఉండాయి రా” అంది.

సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చట్నీ పడినప్పుడు వచ్చింది సిగ్గు కాదు, సగం గడ్డంతో పరుగెత్తినప్పుడు వచ్చిందీ కాదు. వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాను.

“ప్రమాణం నేను చేస్తానక్కా, నాదే తప్పని. ఇప్పుడే, లోపలికి పోయి...”

“సామి యాడికీ పోడు. కాయలు పోతాయి. బండి తియ్యి!”

మేనేజరుకు ఫోను చేసి డిక్కీలో దొరికిన ట్యాగుల సంగతి చెప్పాను. “సార్, గేటు తెరిపించండి, చెంగమ్మ ట్రాక్టరు లోపలికి పంపండి!”

“నేను చెప్తే తెరుచుకోదు గదప్పా. ఎవురు చెప్పినా తెరుచుకోకూడదని నువ్వే గదా పెట్టింది. ఆ ట్యాగులు గేటు దాటాల, అబ్బుడే అది లేసేది. బిరీన రా!”

బిరీన వచ్చాం. ఆ రోజు నేను స్కూటరు తోలిన తోలుడు చూసి దారిలో గొర్రెలు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. ఫోను మాత్రం కూస్తూనే ఉంది. “ఆ ఫోనమ్మను గమ్మునుండమను నాయనా, చెవులు పోతా ఉండాయి” అని వెనకనుంచి చెంగమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ ఫోనుకో నాకో అడగలేదు.

గేటు ముందు మూట పైకెత్తి పట్టుకున్నాను. కూ, కూ, కూ అని ఒక్కొక్క ట్యాగూ పలికింది. “చెంగమ్మ గారి ట్రేలు తిరిగి వచ్చాయి. ధన్యవాదాలు.” కడ్డీ లేచింది. చెంగమ్మ ట్రాక్టరు ఎక్కి, కొంగు బిగించి, లోపలికి తోలింది. ట్రాక్టర్ల వాళ్లంతా ఈలలు వేశారు. అడుగున మెత్తబడినవి పక్కకు తీసేశారని, మిగతావి తీసుకున్నారని తర్వాత తెలిసింది. ఆ పక్కకు తీసినవన్నీ నా ఖాతాలోవే.

ఆమె వెనకే నేనూ స్కూటరు పోనిచ్చాను. కడ్డీ నా ముక్కు ముందు దిగింది.

“సుధాకర్ గారు, మీ నివాసంలో ఫ్యాక్టరీ ట్రేలు దొరికాయి. మీకు ప్రవేశం లేదు.”

యాప్ తప్పేమీ చేయలేదు. స్కూటరు డిక్కీలో ఆ ట్యాగులు రోజూ రాత్రి ఉన్నది నా గది కిందే. దాని లెక్కలో అసలు దొంగ దొరికాడు. గంగులప్పను బతిమాలాను, మేనేజరును బతిమాలాను, యాప్ కంపెనీ వాడికి ఫోను చేశాను. “సార్, మీరు పెట్టిన నియమం చాలా గట్టిది, తీయాలంటే రేపటిదాకా పడుతుంది” అన్నాడు వాడు, మెచ్చుకుంటున్నట్టు. ఇంక చేసేదేముంది, రోడ్డు మీదే నిలబడ్డాను, ట్రాక్టర్ల వరసలో, కాయలు లేని రైతులా.

కాయలు దించి, ఖాళీ ట్రాక్టరుతో చెంగమ్మ బయటికి వచ్చింది. నన్ను చూసి ఆపింది. దిగి వచ్చి సద్ది సంచి విప్పి, ఒక రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. తిన్నాను.

“సరే నాయనా, ఇబ్బుడు చెయ్యి ప్రమాణం. మల్లీ ఆడికి పొయ్యే పన్లేదు. ఈడ్నించే, కాణిపాకం దిక్కు తిరిగి, ఇంక మనిషి మాట వదిలిపెట్టి ఫోను మాట పట్టుకోని పోనని చెప్పు. ఇంతమంది సాచ్చికం.”

ట్రాక్టర్ల వాళ్లంతా దిగి చుట్టూ నిలబడ్డారు. నేను చేతులు కడుక్కుని, భక్తిగా చెప్పులు విడిచి, ఇటు తిరిగాను, అటు తిరిగాను, జేబులోంచి ఫోను తీసి మ్యాపు తెరిచాను.

“ఏందిరా అది?” అంది చెంగమ్మ.

“కాణిపాకం ఏ దిక్కో చూస్తా ఉండానక్కా.”

“ఇబ్బుడేగదరా ఆడికి పొయ్యొస్తిమి!”

ఫోను ఆమె లాక్కుంది. గంగులప్ప నా భుజాలు పట్టుకుని సరైన దిక్కుకు తిప్పి నిలబెట్టాడు. కాబట్టి పెద్దలారా, రెండు చేతులూ జోడించి ఆ రోజు చేసిన ప్రమాణాన్ని మీ ముందు మళ్లీ చేస్తున్నాను: కళ్లముందు ట్రే ఉండగా చుక్కను నమ్మను, నోరున్న మనిషి ఎదురుగా ఉండగా ఫోను నోరు తెరవనివ్వను, డిక్కీ తెరిచి చూడకుండా ఎవరినీ దొంగ అనను. ఈ మాట తప్పితే నేను ఏ గేటు ముందు నిలబడినా కడ్డీ నా ముక్కు మీదే పడుగాక!